అన్యాయమైన ఒక్క నక్షత్రం: ఆన్‌లైన్‌లో అమ్మేవారికి సమస్య - పరిష్కారం

కాశీబుగ్గలో మా కుటుంబం చేసే జీడిపప్పు వ్యాపారంలో ఆన్‌లైన్ అమ్మకాలు నేను చూస్తాను. ఆ పరిచయంతో పొందూరు ఖాదీ పంపేవారు, బుడితి ఇత్తడి సామాను పెట్టినవారు, విజయనగరం వైపు నుంచి భీమాలి మామిడి తాండ్ర అమ్మేవారు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: తప్పు మాది కాకపోయినా ఒక్క నక్షత్రం ఇచ్చారు, దాన్ని తీయించడం ఎలా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పే ముందు ఒక విషయం మనసుకు పట్టించుకోవాలి. మన విన్నపాన్ని చదివే సెల్లర్ సపోర్టు (అమెజాన్ వంటి మార్కెట్‌ప్లేస్‌లో అమ్మకందారుల సహాయ విభాగం) ఉద్యోగి ఎవరు నిజం చెబుతున్నారో తేల్చడానికి కూర్చోలేదు, ఆ వ్యాఖ్య తమ నిబంధనల్లో ఏదైనా ఒకదాన్ని మీరిందా లేదా అన్నది మాత్రమే చూస్తారు. అందుకే నూటికి నూరుపాళ్లు న్యాయం మన వైపున్నా విన్నపం తిరిగి వస్తుంది, సరైన నిబంధనను చూపించిన రెండు వాక్యాలకు మాత్రం పని జరుగుతుంది.

మొదట తేల్చుకోవలసినది: ఆ మాట ఎవరి మీద పడింది?

అమెజాన్‌లో అమ్మకందారుకు ఇచ్చే ఫీడ్‌బ్యాక్ వేరు, వస్తువుకు రాసే రివ్యూ వేరు. మొదటిది మన దుకాణం పేరు మీద ఉంటుంది, రెండవది వస్తువు పేజీలో ఉంటుంది. ఫ్లిప్‌కార్ట్, మీషో వంటి చోట్ల కొనుగోలుదారు ఎక్కువగా వస్తువుకే రేటింగు ఇస్తారు. ఈ తేడా తెలియక వస్తువు రివ్యూను తీయించడానికి ఫీడ్‌బ్యాక్ దారిలో విన్నపాలు పంపి, నెల రోజులు పోగొట్టుకున్న వారిని నేను చూశాను.

అమెజాన్ లెక్కలో ఒకటి, రెండు నక్షత్రాలు ప్రతికూలం, మూడు తటస్థం, నాలుగు, ఐదు అనుకూలం. ప్రతికూల ఫీడ్‌బ్యాక్‌తో పాటు ఎ-టు-జెడ్ గ్యారంటీ క్లెయిములు (కొనుగోలుదారు డబ్బు వెనక్కి ఇప్పించమని అమెజాన్‌ను కోరడం), ఛార్జ్‌బ్యాక్‌లు (అదే కోరికను బ్యాంకు ద్వారా పెట్టడం) కలిపి 60 రోజుల ఆర్డర్లలో ఒక శాతం లోపు ఉండాలని ఆ సంస్థ కోరుతుంది. రెండు నెలల్లో ఎనభై ఆర్డర్లు పంపే ఇంటి వ్యాపారానికి ఒక్క చెడు ఫీడ్‌బ్యాక్ పడితే అది 1.25 శాతం. ఎనిమిది వేల ఆర్డర్లు పంపే పెద్ద సెల్లరుకు అదే ఫీడ్‌బ్యాక్ లెక్కలోకే రాదు. నక్షత్రాల సగటు సంగతీ అంతే: తొమ్మిది ఐదులు, ఒక ఒకటి ఉంటే సగటు 4.6కు దిగుతుంది, దాన్ని 4.8కి తీసుకురావడానికి వరుసగా మరో పది ఐదు నక్షత్రాలు కావాలి. చిన్నవారు ఒక్క వ్యాఖ్యకు ఇంతగా కలత పడడంలో అతి ఏమీ లేదు.

లక్షణం: "ప్యాకెట్టు చిరిగి వచ్చింది, సగం లేదు, మోసగాళ్లు"

ఇది నాకే జరిగింది. అర కిలో జీడిపప్పు తీసుకున్న ఒకరు ఒక్క నక్షత్రం ఇచ్చి, పై మాటలు రాసి, రిటర్ను కోరుతూ ఒక ఫొటో కూడా జత చేశారు. ఆ రాత్రి కోపంతో నేను పెద్ద విన్నపం రాశాను. మూడు తరాలుగా ఈ వ్యాపారంలో ఉన్నామని, పలాస పప్పుకు చెడ్డపేరు తెచ్చే పని మేము ఎన్నడూ చేయమని రాశాను. మరునాటికే తిరస్కరణ వచ్చింది. అందులో నిబంధన ప్రసక్తి లేదు, ఆధారం లేదు, ఉన్నదంతా నా బాధే.

తరువాత ఆ ఫొటోను పెద్దది చేసి, మా దగ్గర ప్యాకింగు చూసే పెద్దమ్మకు చూపించాను. ఆమె ఒక్క నిమిషం చూసి, "ఇది మన టేపు కాదు బాబూ, మన దగ్గర తెల్లటిది నేదు కదా" అంది. నిజమే. మేము వాడేది గోధుమరంగు టేపు. ఫొటోలో కవరు ఒక అంచున ఆ గోధుమరంగు టేపు సగానికి తెగి ఉంది, దాని మీద పారదర్శకమైన తెల్ల టేపు అడ్డంగా అంటించి ఉంది. పార్శిలు మా చేతులు దాటాక దారిలో ఎవరో విప్పి, మళ్లీ అంటించారు. పికప్ సమయంలో తీసుకున్న రసీదు మీద బరువు 560 గ్రాములని ఉంది, అంటే అర కిలో పప్పు, పౌచి, కవరు అన్నీ కలిసిన బరువు.

రెండోసారి నేను రాసినది ఇంతే: "ఈ ఆర్డరును పికప్ రోజున 560 గ్రాముల బరువుతో అప్పగించాము, రసీదు జత చేశాము. కొనుగోలుదారు పంపిన ఫొటోలోనే మా టేపు మీద వేరే టేపు కనిపిస్తున్నది, కనుక ఈ ఫిర్యాదు రవాణాకు సంబంధించినది." ఈసారి విన్నపం నిలిచింది. కొనుగోలుదారుకు డబ్బు కూడా వెనక్కి వెళ్లింది, అది న్యాయమే, ఎందుకంటే ఆయన నిజంగానే సగం పప్పు నష్టపోయారు. ఆయన అబద్ధం చెప్పలేదు, నింద వేయవలసిన చోటు మాత్రమే పొరబడ్డారు. అన్యాయమనిపించే వ్యాఖ్యల్లో ఎక్కువ భాగం ఈ రకానివే అని నా అనుభవం.

ఇక్కడ కారణం తెలిస్తేనే పరిష్కారం కుదురుతుంది. సరుకును అమెజాన్ గోదాములో ఉంచి, వారే పంపే ఎఫ్‌బీఏ పద్ధతిలో అమ్మితే, డెలివరీ మీద వచ్చిన ఫీడ్‌బ్యాక్‌ను ఆ సంస్థ గీత కొట్టి, బాధ్యత తమదని కింద రాస్తుంది. మనమే కొరియరు చూసుకుని పంపే ఆర్డరుకు ఆ రక్షణ దానంతటదే దొరకదు, అక్కడ ఆలస్యమైనా, చిరిగినా కొనుగోలుదారుకు జవాబుదారీ మనమే. కాబట్టి సొంతంగా పంపేవారు కాటా మీద పార్శిలు పెట్టి, అంకె, చిరునామా లేబులు, టేపు మూడూ ఒకే ఫొటోలో పడేలా తీసి, ఆర్డరు నంబరు పేరుతో దాచుకోవాలి. దీనికి పట్టేది అర నిమిషం. తమ సంస్థ పేరు లేదా గుర్తు అచ్చు వేసిన టేపు వాడితే దారిలో విప్పిన సంగతి ఇంకా సులువుగా బయటపడుతుంది.

ఆలస్యం గురించిన ఫిర్యాదులో ఈ ప్రాంతానికి సంబంధించిన కారణం మరొకటి ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాసకు దగ్గరలో తీరం దాటిన తరువాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, చెట్లు పడి దారులు మూసుకుపోయాయి. దిల్లీలో కూర్చుని ఆర్డరు చేసినవారికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? తుఫాను హెచ్చరిక వచ్చిన రోజునే లిస్టింగులను (అమ్మకానికి పెట్టిన వస్తువుల పేజీలను) సెలవులో పెట్టడం, లేదా పంపడానికి పట్టే రోజుల సంఖ్యను పెంచడం ఒక్కటే దీనికి మందు.

లక్షణం: "చిన్న గింజలు పంపారు, ఫొటోలో వేరే ఉంది"

దీన్ని అన్యాయమని కొట్టివేసే ముందు మన లిస్టింగును మనమే కొత్తవారిలా చదవాలి. జీడిపప్పు గ్రేడు పేరులోని అంకె ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, వచ్చే గుండ్ల (విరగని పూర్తి పప్పుల) సంఖ్యను సూచిస్తుంది. డబ్ల్యూ 180 అంటే పౌనుకు 170 నుంచి 180, డబ్ల్యూ 320 అంటే 300 నుంచి 320. వ్యాపారంలో ఉన్న మనకు ఇది అక్షరాభ్యాసం వంటిది. కొనేవారికి మాత్రం 320 అనేది 180 కంటే పెద్ద అంకె, కనుక పెద్ద పప్పు అన్న భావమే కలుగుతుంది! పైగా చాలామంది లిస్టింగుల్లో పెట్టే ఫొటో పెద్ద గుండ్లదే ఉంటుంది, పంపేది మాత్రం 320.

పరిష్కారం లెక్కలోనే ఉంది. పావు కిలో డబ్ల్యూ 320లో సుమారు 165 నుంచి 176 గుండ్లు ఉంటాయి, అదే పావు కిలో డబ్ల్యూ 180లో 94 నుంచి 99. ఈ సంఖ్యను లిస్టింగులో మొదటి వరుసలోనే రాసి, ఒక ఫొటోలో గుండు పక్కన రూపాయి నాణెం పెట్టి చూపించిన తరువాత మాకు "చిన్న గింజలు" అన్న ఫిర్యాదు బాగా తగ్గింది. గుండు, బద్ద, ముక్క అన్న మాటలను కూడా విడమరచి రాయాలి, ఎందుకంటే బద్దల ప్యాకెట్టు కొని గుండ్లు రాలేదని అలిగేవారు ప్రతి పండుగ సీజనులోనూ ఉంటారు.

ఇదంతా చేసిన తరువాత కూడా అమ్మకందారు ఫీడ్‌బ్యాక్‌లో "పప్పు చిన్నగా ఉంది" అని మాత్రమే రాస్తే దాన్ని తీయించవచ్చు. వ్యాఖ్య మొత్తం వస్తువు గురించే ఉంటే అది రివ్యూ కిందికి వస్తుందని, ఫీడ్‌బ్యాక్‌గా నిలవదని అమెజాన్ నిబంధన. అయితే "మొత్తం" అన్న మాట చాలా గట్టిది. "పప్పు చిన్నగా ఉంది, రావడం కూడా ఆలస్యం" అని ఉంటే ఆ చివరి మూడు మాటలు సేవ గురించినవి కనుక వ్యాఖ్య అలాగే ఉండిపోతుంది. బూతులు, ఫోన్ నంబరు వంటి వ్యక్తిగత వివరాలు, మరో దుకాణానికి ప్రచారం ఉన్న వ్యాఖ్యలను కూడా తీసివేస్తారు. అమెజాన్ అమ్మకందారుల వెబ్‌సైటు సెల్లర్ సెంట్రల్‌లోని ఫీడ్‌బ్యాక్ మేనేజరులో ఆర్డరు పక్కనే ఈ విన్నపం పంపే వీలుంది, ఫీడ్‌బ్యాక్ వచ్చిన 90 రోజుల లోపు పంపాలి.

చేతి పని వస్తువుల వారికి ఇదే సమస్య మరో రూపంలో వస్తుంది. పొందూరు ఖాదీకి దూదిని ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు, చేత్తో వడికిన నూలులో అక్కడక్కడా మందం మారుతుంది. దాన్ని చూసి కొనుగోలుదారు "నేత లోపం" అని రాస్తారు. బుడితి ఇత్తడి గాలి తగిలి, చెమ్మ తగిలి నల్లబడితే "వాడిన పాత సరుకు" అంటారు. ఈ రెండింటికీ ఫిర్యాదు కన్నా ముందే పెట్టెలో పెట్టిన ఒక చీటీ ఎక్కువ పనిచేస్తుంది: ఈ మందపు తేడా చేతి వడుకుకు గుర్తు అని ఒకటి, చింతపండుతో తోమితే మెరుపు తిరిగి వస్తుందని మరొకటి.

లక్షణం: బాగుందని రాసి ఒక్క నక్షత్రం ఇచ్చారు

ఇందులో దురుద్దేశం లేదు. ఒకటో నంబరు అంటే మొదటి స్థానమని భావించి ఒక నక్షత్రం నొక్కే పెద్దవారు మనలో చాలామందే ఉన్నారు. మెచ్చుకోలు మాటలను అలాగే ఉదాహరించి, మాటకూ నక్షత్రానికీ పొంతన లేదని ఒక్క వాక్యంలో విన్నవించుకోవాలి. తీయకపోతే కింద కృతజ్ఞతతో జవాబు రాసి వదిలేయాలి, చదివేవారు మాటలనే చూస్తారు.

లక్షణం: ఒకే రోజు వరుసగా చెడు రేటింగులు, లేదా ముందుగా బెదిరింపు

ఇది పోటీదారు పని కావచ్చు, కాకపోవచ్చు, ఊహతో పేరు పెట్టి రాయకూడదు. చూడవలసినవి పిన్‌కోడులు, చెల్లింపు పద్ధతి, రిటర్నులు. రేటింగు ఇచ్చిన ఆర్డర్లన్నీ ఒకే పిన్‌కోడుకు వెళ్లి, అన్నీ క్యాష్ ఆన్ డెలివరీవై, అన్నీ వెనక్కి వచ్చినవైతే ఆ ఆర్డరు నంబర్లను తేదీలతో పట్టికగా చేసి సెల్లర్ సపోర్టుకు పంపాలి. ఆ పట్టిక కింద మన అభిప్రాయం అక్కరలేదు.

డబ్బు వెనక్కి ఇవ్వకపోతే ఒక్క నక్షత్రం ఇస్తానని కొనుగోలుదారు చెబితే, ఆ రేటింగు పడకముందే ఫిర్యాదు చేయాలి. ఇక్కడ చాలామంది చేసే తప్పు, మాటను వాట్సాప్‌లోకి మార్చడం. మార్కెట్‌ప్లేస్ సందేశాల పెట్టె దాటిన సంభాషణను వారు ఆధారంగా లెక్కించడం కష్టం. ఎవరైనా ఫోనులో బెదిరిస్తే, "మీరు ఫోనులో అడిగినది ఇక్కడ రాయండి" అని ఆ పెట్టెలోనే మర్యాదగా సందేశం పంపండి. వారు రాసినా, రాయకపోయినా మన సందేశం తేదీతో సహా నిలిచి ఉంటుంది.

చేయకూడనివి

చెడు రేటింగును ముంచడానికి బంధువుల చేత ఐదు నక్షత్రాలు వేయించడం, డబ్బిచ్చి రివ్యూలు కొనడం వద్దని చేతులు జోడించి చెబుతున్నాను. ఖాతా పోయే ప్రమాదం ఒకటైతే, చట్టం మరొకటి. 2020 జూలై 23న నోటిఫై అయిన వినియోగదారుల రక్షణ ఇ-కామర్స్ నియమాలు, అమ్మకందారు కొనుగోలుదారు వేషం వేసి రివ్యూ పెట్టడాన్ని నేరుగా నిషేధించాయి. డబ్బు ఆశ చూపి ఉన్న రివ్యూను మార్పించుకోవడమూ నిబంధనలకు విరుద్ధమే. న్యాయంగా రివ్యూలు పెరగాలంటే అమెజాన్‌లో రివ్యూ కోరే బటను ఉంది, డెలివరీ అయిన 5 నుంచి 30 రోజుల మధ్య ప్రతి ఆర్డరుకూ దాన్ని నొక్కవచ్చు. అది తృప్తి పడినవారికీ, పడనివారికీ ఒకే సందేశం పంపుతుంది, అందుకే దానికి అభ్యంతరం లేదు.

భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది. రివ్యూల సేకరణ, పరిశీలన, ప్రచురణ ఎలా జరగాలో, రాసినవారి గుర్తింపును ఎలా నిర్ధారించాలో అది చెబుతుంది. ఇది స్వచ్ఛందమైనది, కనుక దాన్ని చూపి ఎవరినీ బలవంతపెట్టలేము. అయినా పై అధికారికి రాసే లేఖలో ప్రస్తావించడం మంచిదని నా అభిప్రాయం.

అన్ని విన్నపాలూ తిరస్కరిస్తే

కొత్త ఆధారం లేకుండా అదే విన్నపాన్ని మళ్లీ మళ్లీ పంపితే ఫలితం ఉండదు. వ్యాఖ్యలో దూషణ లేదా మన వ్యక్తిగత వివరాలు ఉంటే మార్కెట్‌ప్లేస్ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి రాయవచ్చు. 2021 ఐటీ నియమాల ప్రకారం వారు 24 గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నిర్ణీత గడువులో పరిష్కరించాలి. అది కాని పక్షంలో మిగిలేది బహిరంగ జవాబు. ఆ జవాబును ఒక్క నక్షత్రం ఇచ్చినవారి కోసం కాక, రేపు ఆ పేజీ చదివి కొనాలా వద్దా అని ఆలోచించేవారి కోసం రాయాలి. నేను వాడే నమూనా ఇది:

"నమస్కారం. మీకు మెత్తబడిన పప్పు అందినందుకు విచారిస్తున్నాము. ఈ ఆర్డరుకు డబ్బు వెనక్కి పంపాము. పౌచికి సూది మొనంత రంధ్రం పడినా తేమ చేరి పప్పు మెత్తబడుతుంది, అందువల్ల వర్షాకాలం పార్శిళ్లకు రెండో కవరు వేస్తున్నాము."

ఇందులో వాదన లేదు, కొనుగోలుదారు పేరు లేదు, జరిగినది ఉంది, చేసినది ఉంది. చివరి వాక్యం రాసే ముందు ఆ రెండో కవరు వేయడం నిజంగానే మొదలుపెట్టాము, పౌచికి రూపాయిన్నర ఎక్కువ ఖర్చయింది.