దుప్పి కొమ్ము ఉప్పుతో బిస్కెట్లు కాల్చే పద్ధతి

ఐరోపా వంటిళ్లలో దుప్పి కొమ్ము పేరుతో నేటికీ వాడుకలో ఉన్న ఉప్పులో ఇప్పుడు కొమ్ము అనేదే ఉండదు. స్వీడన్‌లో యూర్ట్‌హూర్న్‌సాల్ట్ అనీ, జర్మనీలో హిర్ష్‌హార్న్‌జాల్ట్స్ అనీ అమ్మే ఈ తెల్లని పొడి కర్మాగారంలో తయారయ్యే అమ్మోనియం బైకార్బనేట్, లేదా దానితో కార్బనేట్ కలిసిన మిశ్రమం. మనం కొనే బిస్కెట్ ప్యాకెట్ల వెనుక 503 అనే సంఖ్యతో కనిపించేది కూడా ఈ కోవకు చెందినదే.

పూర్వం దీనిని నిజంగానే కొమ్ము నుంచి తీసేవారు. జింక కొమ్ము ఆవు కొమ్ములాంటిది కాదు. అది ఏటా రాలిపోయి మళ్లీ మొలిచే అసలైన ఎముక, అందులోని కొల్లాజెన్ అనే మాంసకృత్తులో నత్రజని ఉంటుంది. 17, 18 శతాబ్దాలలో ఇంగ్లండు, జర్మనీ దేశాల మందుల తయారీదారులు కొమ్మును ముక్కలుగా కోసి, గాలి చొరబడని పాత్రలో ఉంచి, మంటను మెల్లమెల్లగా పెంచేవారు. మొదట పసుపుపచ్చని నీరు కారేది. ఆ తరువాత, చల్లగా ఉంచిన రెండో పాత్ర లోపలి గోడలకు ఉప్పు పెచ్చులుగా పట్టేది. దానితోపాటు భరించలేని కంపుతో నల్లని నూనె దిగేది. ఆ నూనె జాడ పోవడానికి ఉప్పును సుద్దతో కలిపి మరలా వేడిచేసి, పైకి లేచిన ఆవిరిని పట్టేవారు. అమ్మోనియా కరిగి ఉన్న నీటిని సొమ్మసిల్లినవారి ముక్కు దగ్గర పెట్టడం నాటి వైద్యంలో మామూలు. ఈ ప్రక్రియను ఇంట్లో ప్రయత్నించకూడదు. కంపు సంగతి అలా ఉంచినా, భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింక కొమ్ముల వ్యాపారం నేరం. అడవిలో రాలి పడినవి ఏరి అమ్ముకున్నా అంతే.

వంటలో దీని గుణం ఒక్కటే. వేడి తగలగానే ఈ పొడి మొత్తంగా అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరిగా విడిపోయి పిండిని ఉబ్బిస్తుంది, వెనుక ఏ ఉప్పునూ మిగల్చదు. వంట సోడా ఎక్కువైతే నాలుకకు తగిలే సబ్బు రుచి దీనివల్ల రాదు. అయితే అమ్మోనియా నీటిలో ఇట్టే కరుగుతుంది కాబట్టి, తడి నిలిచి ఉండే కేకులో అది బయటకు పోలేక ఘాటుగా మిగిలిపోతుంది. అందుచేత పలుచగా, పొడిగా, కరకరలాడేలా కాలే వాటికే దీనిని వాడాలి.

కొత్తగా మొదలుపెట్టేవారికి స్వీడన్‌లోని డ్రొమ్మర్ బిస్కెట్లు అనువైనవి. వీటిలో గుడ్డు ఉండదు కనుక మన ఇళ్లలో చాలామందికి ఇబ్బంది లేదు. గది వేడికి మెత్తబడిన 100 గ్రాముల వెన్నను 250 గ్రాముల చక్కెరతో తెల్లబడేదాకా గిలకొట్టి, వాసన లేని నూనె 100 మిల్లీలీటర్లు సన్నని ధారగా పోస్తూ కలపాలి. 240 గ్రాముల మైదాలో ఒక టీస్పూను దుప్పి కొమ్ము ఉప్పుపొడిని, రెండు టీస్పూన్ల వెనిల్లా చక్కెరను కలిపి జల్లించి, ఆ మిశ్రమంలో వేసి ముద్ద చేయాలి. పొడిలో ఉండలు ఉంటే ముందే మెత్తగా నలపడం తప్పనిసరి, ఎందుకంటే నలగని ఉండ ఉన్నచోట బిస్కెట్‌లో పెద్ద గుంట పడుతుంది. ఉసిరికాయంత ఉండలు చేసి, మధ్య ఎడం ఉంచి, 150 డిగ్రీల ఓవెన్‌లో 20 నుంచి 25 నిమిషాలు కాల్చాలి. కాలుతున్నంతసేపు వంటిల్లంతా ముక్కు అదిరే వాసన వస్తుంది. కిటికీలు తెరిచి ఉంచాలి, ఓవెన్ తలుపు తీసేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోవాలి. బిస్కెట్లు పూర్తిగా చల్లారేసరికి ఆ వాసన ఉండదు, ఉన్నదంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. పచ్చి పిండిని మాత్రం రుచి చూడరాదు, పిల్లలకు అసలే ఇవ్వరాదు.

ఈ బిస్కెట్లు లేతరంగులోనే ఉండాలి. అమ్మోనియం లవణం వేసిన పిండిని ఎర్రగా కాల్చినకొద్దీ అక్రిలమైడ్ అనే హానికర పదార్థం ఎక్కువగా ఏర్పడుతుంది. అంచులు గోధుమరంగుకు తిరగకముందే తీసేయడం రుచికీ, ఆరోగ్యానికీ మంచిది.

పొడిని గట్టి మూత ఉన్న గాజుసీసాలో దాచాలి. మూత వదులైతే అది గది వేడికే కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది, కొన్నాళ్లకు సీసా అడుగు కనిపిస్తుంది. పాతదైన పొడిని చిటికెడు వేడినీటిలో వేసి చూడండి: బుసబుస పొంగి ఘాటు వాసన వస్తే వాడవచ్చు. దొరకని పక్షంలో అంతే కొలత బేకింగ్ పౌడర్ వేసుకోవచ్చు గానీ, నోట్లో వేయగానే కరిగే ఆ గుల్లదనం అంతగా రాదు. కళాయి పూతకు వాడే నవాసాగరం కూడా అమ్మోనియం లవణమే అయినా, అది క్లోరైడ్. ఓవెన్ వేడికి ఇలా విడిపోయి పిండిని ఉబ్బించదు, కాబట్టి దీనికి బదులుగా పనికిరాదు.