వైరస్ లోపలికి వెళ్లడానికి ఆక్టిన్ కావాలా? తేల్చే పద్ధతి

సైటోస్కెలెటన్ అంటే కణానికి ఆకారమిచ్చే ప్రోటీన్ తీగల చట్రం; ఆక్టిన్, మైక్రోట్యూబ్యూల్స్ దాని భాగాలు. దాన్ని చెడగొట్టే మందు వేస్తే ఇన్ఫెక్షన్ తగ్గవచ్చు. అంతమాత్రాన ప్రవేశం ఆగినట్టు కాదు. చాలా ప్రయోగాలు తప్పుదారి పట్టేది ఇక్కడే.

వెసిక్యులర్ స్టొమాటైటిస్ వైరస్ (జీఎఫ్‌పీ రకం, అంటే సోకిన కణం పచ్చగా మెరిసేలా చేసేది), వీరో కణాలు (ల్యాబ్‌లో పెంచే కోతి మూత్రపిండ కణాలు) తీసుకోండి. పని బయోసేఫ్టీ 2 హుడ్‌లోనే (గాలిని వడకట్టే రక్షణ పెట్టెలో).

కణాలకు 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాల ముందు మందు పెట్టండి: సైటోకలాసిన్ డి (ఆక్టిన్‌ను చెడగొట్టేది) 5 మైక్రోమోలార్, లేదా నోకోడజోల్ (మైక్రోట్యూబ్యూల్స్‌ను చెడగొట్టేది) 10 మైక్రోమోలార్. స్టాక్ (ముందే కరిగించి ఉంచిన చిక్కటి మందు) వెయ్యి రెట్లు ఉంటే డీఎంఎస్‌ఓ (మందును కరిగించే ద్రావకం) 0.1 శాతం దాటదు. కంట్రోల్ బావులకూ (మందు లేని పోలిక గుంటలకూ) అంతే డీఎంఎస్‌ఓ వేయాలి. సైటోకలాసిన్ వేసిన ఒక బావిని ఫాలాయిడిన్‌తో (ఆక్టిన్‌కు అంటుకునే పదార్థం, మెరిసే రంగు కట్టినది) రంగేసి చూడండి. ఆక్టిన్ తీగలు ఇంకా నిలిచే ఉంటే మందు పనిచేయడం లేదన్నమాట.

తర్వాత మంచుమీద గంటసేపు, మందు ఉండగానే, వైరస్‌ను అంటించండి. పది కణాలకు ఐదు వైరస్‌లు చాలు. చలికి మైక్రోట్యూబ్యూల్స్ వాటంతటవే విడిపోతాయి, వేడి చేయగానే మళ్లీ కట్టుకుంటాయి. కాబట్టి నోకోడజోల్‌ను వేడి దశలోనూ ఉంచాలి.

కడిగేసి, మందుతోనే 37 డిగ్రీలకు మార్చండి. రెండు గంటలకు మందు తీసేసి 20 మిల్లీమోలార్ అమ్మోనియం క్లోరైడ్ వేయండి. ఎండోసోమ్‌లో (వైరస్‌ను కణం లోపలికి లాక్కున్న సంచిలో) ఆమ్లత్వం పోతే, ఇంకా బయటపడని వైరస్ అక్కడే ఇరుక్కుంటుంది. ఆరో గంటకు ఫ్లో సైటోమీటర్‌లో (కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించే యంత్రం) పచ్చని కణాలు లెక్కించండి.

ఇంకో వరుస తప్పనిసరి: అదే మందు, అంతే సేపు, కానీ వైరస్ వెళ్లిన రెండు గంటల తర్వాత. ఇక్కడా సంఖ్య పడిపోతే మందు దెబ్బ ప్రవేశంమీద కాదు, పునరుత్పత్తి మీద. సైటోకలాసిన్‌కి కణాలు గుండ్రబడి ఊడిపోతాయి కూడా. మెల్లగా కడగండి, మిగిలిన కణాలను లెక్కపెట్టండి.

అనుమానం తీరకపోతే, వైరస్ అంటిన కణాలను పీహెచ్ 5 బఫర్‌లో 37 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు ఉంచి, వెంటనే అమ్మోనియం క్లోరైడ్ ఉన్న మీడియం పోయండి. వైరస్ నేరుగా కణం పైపొరతోనే కలిసిపోతుంది, లోపలికి లాగుకోవాల్సిన పని ఉండదు. ఇన్ఫెక్షన్ తిరిగివస్తే అడ్డంకి లోపలికి లాగుకునే దశలోనే.

ఈ వైరస్ సుమారు 180 నానోమీటర్ల పొడవు. క్లాత్రిన్ గుంటకు (కణపు పొరమీద సరుకును లోపలికి లాగే, క్లాత్రిన్ అనే ప్రోటీన్ పూత ఉన్న గుంట) అది పెద్ద సరుకు, అందుకే మూసుకోవడానికి ఆక్టిన్ తోపు కావాలి. దీని పొట్టి లోప రకానికి (జన్యుపదార్థంలో కొంత భాగం పోయిన వైరస్‌కు) ఆ అవసరం లేదు. నోకోడజోల్ ప్రభావం మాత్రం ఇందులో పెద్దగా ఆశించకండి.