చలికాలంలో ఒకినావాలో స్కూబా: ముందు గాలి చూడండి, తర్వాతే సైట్లు

అండమాన్‌లోనో పుదుచ్చేరిలోనో ఓపెన్ వాటర్ కార్డు (స్కూబా తొలి శిక్షణ పూర్తిచేసినవాళ్ళకు ఇచ్చేది) తెచ్చుకుని, డిసెంబరు–ఫిబ్రవరి మధ్య జపాన్ వెళ్తూ ఒకినావాలో డైవ్ చేద్దామనుకునేవాళ్ళు ముందుగా సైట్ల పేర్లు రాసుకుంటారు. బ్లూ కేవ్ గుహ, కెరామా దీవులు, జపాన్ పడమటి కొసన ఉన్న యొనగుని దీవిలో హామర్‌హెడ్ (సుత్తి తల) సొరలు. తీరా వెళ్ళాక అందులో సగం కుదరదు. ఈ కాలంలో ఏ రోజు ఎక్కడ దిగాలో గాలే చెబుతుంది.

నవంబరు నుంచి మార్చి దాకా సైబీరియా మీది అధిక పీడనం వల్ల ఒకినావాకు ఉత్తర, ఈశాన్య గాలులు వీస్తాయి. గాలి తీరు చాలాసార్లు ఒకేలా ఉంటుంది. అల్పపీడనం దగ్గరికొచ్చేటప్పుడు గాలి దక్షిణానికి తిరిగి కాస్త ఉక్కగా ఉంటుంది. వాన పడుతుంది. ఆ వెంటనే ఉత్తర గాలి విరుచుకుపడి రెండు మూడు రోజులు సముద్రాన్ని కలిపేస్తుంది. తర్వాత మెల్లగా తూర్పుకు తిరిగి శాంతిస్తుంది. ఆ శాంతించిన రోజులే మీవి. జపాన్ వాతావరణ సంస్థ అలల అంచనాను రోజూ చూడండి. 1.5 మీటర్లంటే బోటు హాయిగా వెళ్తుంది. 2.5 దాటితే డైవ్ షాపువాళ్ళు ఆలోచనలో పడతారు, 3 దాటితే ఒకినావా ముఖ్య పట్టణం నహా నుంచి కెరామా వెళ్ళే బోట్లు చాలావరకు ఆగిపోతాయి.

ఏ గాలికి ఎక్కడ

బ్లూ కేవ్ ఉన్న మయెదా అంతరీపం పడమటి తీరంలో, ఉత్తర గాలికి ఎదురుగా ఉంది. సుమారు వంద మెట్లు దిగి నీళ్ళలోకి వెళ్ళాలి. అలలు మెట్ల అడుగున కొడుతుంటే ప్రవేశం మూసేస్తారు. చలికాలంలో ఇది మామూలే. ఆ రోజు షాపు మిమ్మల్ని మొతొబు ద్వీపకల్పం దక్షిణపు ఒడ్డున ఉన్న గొరిల్లా చాప్‌కు తీసుకెళ్తే మోసపోయామనుకోకండి. వెనకాల కొండలు ఉత్తర గాలిని ఆపుతాయి, అడుగున ఇసుక, లోతు తక్కువ. చాలాకాలం తర్వాత దిగుతున్నవాళ్ళకు తొలి డైవ్‌గా బ్లూ కేవ్ కంటే అదే నయం.

కెరామా దీవులు 2014 మార్చి నుంచి జాతీయ ఉద్యానవనం. అసలు ఇబ్బంది దీవుల దగ్గర కాదు, నహాకూ వాటికీ మధ్య ఉన్న బయటి సముద్రం దాటడంలో. తొకషికి, జమామి, అకా దీవుల మధ్య నీళ్ళు, బయట అల్లకల్లోలంగా ఉన్నా, చాలాసార్లు నిలకడగానే ఉంటాయి. అందుకే రెండు రాత్రులు జమామిలోనో అకాలోనో బస చేసి అక్కడి షాపుతోనే డైవ్ చేయడం చలికాలంలో తెలివైన పని. ఒక్కటే చిక్కు: ఫెర్రీ రద్దయితే దీవిలోనే ఇరుక్కుపోతారు. కాబట్టి ఈ బస యాత్ర మొదట్లో పెట్టుకోవాలి, తిరుగు విమానం ముందు కాదు.

యొనగుని సంగతి వేరు. ఒడ్డు నుంచి దూరంగా, పైనా కిందా నీలం తప్ప ఏమీ కనిపించని చోట ప్రవాహంతో పాటు కొట్టుకుపోతూ హామర్‌హెడ్ల గుంపును వెతకాలి. చూపు ఆనడానికి నేల లేనప్పుడు లోతు నిలుపుకోవడం రాకపోతే ఆ డైవ్ ప్రమాదం. పది పదిహేను డైవ్‌ల కార్డుతో వెళ్ళే చోటు కాదది. మొదటిసారి వెళ్తుంటే వదిలేయండి.

దీనికంతటికీ బదులుగా చలికాలం ఇచ్చేది ఒకటుంది. నీళ్ళలో ప్లవకాలు (తేలియాడే సూక్ష్మజీవులు) తగ్గి, మంచి రోజున 30 మీటర్ల దాకా కనిపిస్తుంది. వేసవిలో భయపెట్టే విషపు హబు జెల్లీఫిష్ బెడద ఉండదు. జనవరి–మార్చి నెలల్లో మూపురపు తిమింగలాలు పిల్లల్ని కనడానికి వస్తాయి. కెరామా దగ్గర 15 మీటర్ల లోతులో ఒక్క క్షణం ఊపిరి బుడగల చప్పుడు ఆగితే వాటి పాట వినిపిస్తుంది. అలాగని ఊపిరి బిగబట్టి వినకండి, రెండు శ్వాసల మధ్య వినిపించినంతే చాలు.

నీళ్ళు 21 డిగ్రీలు

డిసెంబరులో నీళ్ళు 23–24 డిగ్రీలు, ఫిబ్రవరి చివరికి 21 దగ్గరికి దిగుతాయి. అండమాన్‌లో 28 డిగ్రీలకు అలవాటుపడిన ఒంటికి ఇది చిన్న తేడా కాదు. 3 మిల్లీమీటర్ల సూట్‌తో మొదటి డైవ్ లాగించేస్తారు, రెండో డైవ్ ఇరవయ్యో నిమిషానికి దవడలు కొట్టుకుంటాయి. అడగాల్సింది 5 మిల్లీమీటర్ల ఫుల్ సూట్, లోపల టోపీ ఉన్న వెస్ట్. నీళ్ళు లోపలికి రానివ్వని డ్రైసూట్ అద్దెకు దొరుకుతుంది గానీ దాని శిక్షణ లేకుండా వేసుకోకూడదు. లోపలి గాలి కాళ్ళలోకి చేరితే తలకిందులుగా పైకి లేస్తారు.

సూట్ ఎంత మందం అన్నదాని కంటే ఎంత అతుక్కుంది అన్నది ముఖ్యం. వేసుకున్నాక చేతులు పైకెత్తి, గొంతుక్కూర్చుని చూడండి. నడుము వెనక, మెడ దగ్గర ఖాళీ తెలిస్తే ప్రతి కదలికకూ చల్లటి నీళ్ళు అక్కడి నుంచే దూరతాయి. జపాన్ సైజులు చిన్నవి. బుక్ చేసేటప్పుడే ఎత్తు, బరువు, పాదం పొడవు సెంటీమీటర్లలో రాసి పంపండి. కళ్ళద్దాలుంటే పవర్ కూడా రాస్తే పవర్ మాస్క్ ఉంచుతారు.

మందం పెరిగిన సూట్ తేలుతుంది కనుక మునగడానికి కట్టుకునే సీసం 2–3 కిలోలు ఎక్కువ కావాలి. కానీ అండమాన్‌లో మీరు వాడినది బహుశా అల్యూమినియం సిలిండర్. ఇక్కడ ఎక్కువగా 10 లీటర్ల స్టీలు సిలిండర్ ఇస్తారు. అల్యూమినియం ఖాళీ అవుతుంటే పైకి లాగుతుంది, స్టీలు అలా లాగదు కాబట్టి సుమారు 2 కిలోలు తగ్గుతాయి. రెండూ కలిస్తే పాత లెక్కకు దగ్గరగానే తేలుతుంది. అందుకని లాగ్‌బుక్‌లో (డైవ్‌ల వివరాలు రాసుకునే పుస్తకం) ఉన్న పాత అంకె చెప్పి ఊరుకోకుండా నీళ్ళలో పరీక్షించుకోండి. బీసీడీలో (తేలడానికి గాలి నింపుకునే జాకెట్) గాలి తీసేసి, మామూలు శ్వాసతో నిటారుగా ఉంటే నీటి మట్టం కళ్ళ దగ్గర ఉండాలి. నిండు సిలిండర్‌తో చూస్తే దాని మీద ఇంకో 2 కిలోలు. డైవ్‌లో ఖర్చయ్యే గాలి బరువే దాదాపు అంత ఉంటుంది.

గాలి లెక్క కూడా మారుతుంది. 10 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ (గాలి పీడనపు కొలత) అంటే 2,000 లీటర్లు. 50 బార్ మిగుల్చుకుంటే వాడుకోడానికి 1,500. ఉపరితలంలో నిమిషానికి 20 లీటర్లు పీల్చేవారికి 18 మీటర్ల దగ్గర, పీడనం 2.8 రెట్లు కాబట్టి, 56 లీటర్లవుతుంది. అంటే 27 నిమిషాల లోపే. చలికి ఇంకా ఎక్కువే పీలుస్తారు. గైడ్‌కు 100 బార్ దగ్గర ఒకసారి, 70 దగ్గర ఒకసారి చేత్తో చూపించడం అలవాటు చేసుకోండి.

అసలు చలి నీళ్ళలో కాదు, బోటు మీద. తడి సూట్ మీద ఉత్తర గాలి తగిలితే ఒంట్లో వేడి మొత్తం పోతుంది. గాలి దూరని కోటు, ఉన్ని టోపీ, ఫ్లాస్కులో వేడినీళ్ళు, రెండో తువ్వాలు తప్పనిసరి. వణుకు మొదలైతే రెండో డైవ్ మానేయండి. చల్లబడిన ఒంట్లోంచి నత్రజని నెమ్మదిగా బయటికొస్తుంది. డబ్బు పోయిందన్న బాధతో దిగడానికి ఇది వేళ కాదు.

కాగితాలు

కార్డు, లాగ్‌బుక్, బీమా అందరికీ గుర్తుంటాయి. చాలామందిని ఆపేది మెడికల్ ఫారం. ఆస్తమా, బీపీ, షుగర్, గుండె, చెవి ఆపరేషన్ లాంటివాటిలో దేనికైనా ‘అవును’ అని రాస్తే డాక్టరు సంతకం కావాలి. నహాలో ఉదయం ఎనిమిదింటికి ఆ సంతకం ఎక్కడా దొరకదు. ఫారం మన ఊళ్ళోనే నింపి ఇంగ్లీషులో సంతకం చేయించుకు వెళ్ళండి. అబద్ధం రాస్తే ప్రమాదం ఎటూ ఉంది, బీమా కూడా చెల్లకపోవచ్చు. మామూలు ట్రావెల్ బీమాలో స్కూబా తరచుగా ఉండదు. పాలసీలో లోతు పరిమితి ఎంతో చదవండి.

ఆఖరి డైవ్ చేసి ఏడాది దాటితే రిఫ్రెషర్ (నేర్చుకున్నది గుర్తుచేసే చిన్న శిక్షణ) బుక్ చేయండి. ఇంగ్లీషు మాట్లాడే గైడ్ కావాలని ముందే రాయండి. అందరూ మాట్లాడరు. డిసెంబరు 29 నుంచి జనవరి 3 దాకా కొత్త సంవత్సర సెలవులు, ఫిబ్రవరిలో బేస్‌బాల్ జట్ల శిక్షణ శిబిరాలు. అప్పుడు హోటళ్ళు ముందే నిండిపోతాయి.

రోజుల పంపకం

ఏడు రాత్రులుంటే మూడు రోజుల డైవింగ్ ఆశించి నాలుగు రోజులు కేటాయించండి. విమానం దిగిన మర్నాడే కెరామా పెట్టుకోండి, రద్దయితే జరుపుకోవడానికి చోటుంటుంది. చివరికి పెట్టుకుంటే అంతే సంగతులు. రద్దయిన రోజుకు చురావుమి అక్వేరియం ఉంది, నహా నుంచి కారులో సుమారు రెండు గంటలు. తిమింగలాలు చూపించే బోట్లు కూడా అదే సముద్రంలోకి వెళ్ళాలి కనుక డైవ్ రద్దయిన రోజు అవీ చాలావరకు ఆగుతాయి.

సముద్రం పడనివాళ్ళు డాక్టరును అడిగి మాత్ర తెచ్చుకోండి, కానీ అది మత్తు తెస్తుందో లేదో ముందు ఇంటి దగ్గర వేసుకుని చూడండి. జలుబు చేస్తే దిగకండి. ముక్కు మందు ప్రభావం నీళ్ళ అడుగున తగ్గిపోతే పైకి వచ్చేటప్పుడు చెవిలో, సైనస్‌లో గాలి ఇరుక్కుంటుంది.

ఒక్క డైవ్ తర్వాత విమానానికి కనీసం 12 గంటలు, ఒకే రోజు ఒకటికి మించి చేసినా, వరుస రోజుల్లో చేసినా కనీసం 18 గంటలు ఆగాలి. 24 ఉంచుకుంటే లెక్కలే అక్కర్లేదు. ఇషిగాకి, యొనగుని దీవుల నుంచి నహాకు వచ్చే చిన్న విమానం కూడా విమానమే, చాలామంది దీన్ని లెక్కలోకి తీసుకోరు. డైవ్ తర్వాత కీళ్ళ నొప్పి, తిమ్మిరి, విపరీతమైన అలసట, తల తిరగడం ఉంటే ‘చలి వల్లే’ అని సర్దిచెప్పుకుని విమానం ఎక్కకండి. వెంటనే షాపువాళ్ళకు చెప్పి, ఆక్సిజన్ అడిగి, 119కు ఫోన్ చేయించండి. సముద్రంలో ఉంటే తీర రక్షక దళం నంబరు 118.