ఫైర్ అలారం స్వయంబోధిని – 4వ పాఠం: రీసెట్‌కు ముందు చేయవలసిన పని

గత పాఠంలో ప్యానెల్ (అలారం నియంత్రణ పెట్టె) మీది దీపాలను గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఆకుపచ్చ దీపం కరెంటు ఉందని, పసుపు దీపం తీగలోనో బ్యాటరీలోనో లోపముందని, ఎర్ర దీపం పొగ లేదా మంట జాడ అందిందని చెబుతాయి. ఎర్ర దీపం వెలిగి హూటర్ (పెద్దగా కూసే సైరన్) మోగినప్పుడు ఏం చేయాలో ఇప్పుడు చూద్దాం.

హనుమకొండ చౌరస్తాకు దగ్గరలోని ఒక బట్టల దుకాణంలో నేను పనిచేసిన రోజుల్లో, శుక్రవారం సాయంత్రం సాంబ్రాణి వేయగానే అలారం మోగడం, వాచ్‌మన్ పరుగున వచ్చి రీసెట్ నొక్కడం అందరికీ అలవాటైపోయింది. ఒక శుక్రవారం అలాగే మోగితే అలాగే నొక్కాడు. రెండు నిమిషాలకు మళ్లీ మోగింది, మళ్లీ నొక్కాడు. మూడోసారి ఎవరో జోన్ దీపం (భవనంలో ఏ భాగం నుంచి అలారం వచ్చిందో చూపేది) వైపు చూస్తే అది సాంబ్రాణి వేసిన కింది అంతస్తుది కాదు, మూడో అంతస్తులోని స్టాకు గదిది. అక్కడ ఏసీ తీగ వేడెక్కి, దాని పక్కన పేర్చిన అట్టపెట్టె అంచు నల్లగా కమిలి పొగలు కక్కుతోంది. నిజానికి వాచ్‌మన్‌ను తప్పుపట్టలేం. అతనికి ఆ బటన్ తప్ప వేరేదేదీ ఎవరూ నేర్పలేదు.

కాబట్టి బటన్ల జోలికి పోకముందే ఏ జోన్ వెలిగిందో చదివి కాగితం మీద రాసుకోండి. తర్వాత అక్నాలెడ్జ్ నొక్కితే చాలా ప్యానెళ్లలో లోపలి బజర్ ఆగుతుంది, బయటి హూటర్లు మాత్రం మోగుతూనే ఉంటాయి. వాటిని అలాగే మోగనివ్వండి. ఒకరు ప్యానెల్ దగ్గరే ఉండాలి, మరొకరు ఫోను, అగ్నిమాపక సిలిండరు పట్టుకుని మెట్ల మీదుగానే ఆ జోన్‌కు వెళ్లాలి. మూసి ఉన్న తలుపును అరచేతి వెనుక భాగంతో తాకి చూసి, వేడిగా ఉంటే తెరవకూడదు. పొగ గానీ మంట గానీ కనిపిస్తే జనాన్ని బయటికి పంపుతూ 101కు గానీ 112కు గానీ ఫోన్ చేసి, చౌరస్తా నుంచి ఎటు రావాలో, ఎన్నో అంతస్తో, లోపల ఎవరైనా చిక్కుకున్నారో చెప్పాలి. ఏమీ లేదని వెళ్లినవారు కళ్లారా చూసి చెప్పాకనే సైలెన్స్ నొక్కి హూటర్లను ఆపాలి.

ఇక రీసెట్ సంగతి. ఏ జోన్ అన్నది మాత్రమే చూపే కన్వెన్షనల్ రకం ప్యానెల్‌లో ఈ బటన్ నొక్కగానే జోన్ తీగల్లోకి వెళ్లే కరెంటు కొద్ది క్షణాలు ఆగి తిరిగి వస్తుంది, ఆ విరామంలో పొగను పసిగట్టిన డిటెక్టర్ మీది చిన్న ఎర్ర దీపం ఆరిపోతుంది. ఒకే జోన్‌లో పది, పదిహేను డిటెక్టర్లు ఉన్నచోట మోగింది ఏదో చెప్పే గుర్తు ఆ దీపం ఒక్కటే కనుక, దాన్ని చూడకుండా రీసెట్ చేస్తే ఉన్న ఆనవాలును మన చేతులతోనే చెరిపేసినట్టు. అడ్రసబుల్ ప్యానెల్ తెర మీద డిటెక్టర్ నంబరు కూడా కనిపిస్తుంది, లాగ్‌లోనూ (ప్యానెల్ దాచుకునే నమోదుల్లోనూ) మిగులుతుంది కాబట్టి అక్కడ ఈ చిక్కు తక్కువ.

రీసెట్ చేశాక కూడా మళ్లీ మోగితే కారణం ఇంకా అక్కడే ఉన్నట్టు. పొగ డిటెక్టర్ లోపలి చీకటి గదిలో కాంతి చెదిరి సెన్సర్ మీద పడితే అలారం ఇస్తుంది. ఆ చెదరగొట్టింది కాలుతున్న తీగ పొగా, సాంబ్రాణా, మిరపకాయల పోపా, దూదిపింజల దుమ్మా అన్న తేడా సాధారణ రకానికి తెలియదు. కిటికీలు తెరిచి గాలి ఆడనిచ్చి మళ్లీ ప్రయత్నించాలి. మంట చూసినవారు చేత్తో అలారం ఇచ్చేందుకు గోడకున్న ఎర్ర కాల్ పాయింట్‌ను ఎవరైనా నొక్కి ఉంటే, అద్దం మార్చేదాకా లేదా తాళంచెవితో దాన్ని యథాస్థానానికి తెచ్చేదాకా ప్యానెల్ రీసెట్ కాదు. ఎన్నిసార్లు నొక్కినా ఫలితం ఉండదు.

అభ్యాసం: మీ భవనంలోని ప్యానెల్ ముందు నిలబడి, ఏ బటనూ తాకకుండా, ఒక్కో జోన్ సంఖ్యకు ఎదురుగా అది ఏ అంతస్తులోని ఏ గదులదో రాసి ప్యానెల్ పక్కన అంటించండి. వచ్చే పాఠంలో ప్యానెల్‌లోని 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిసి 24 వోల్టులు ఇస్తున్నాయో లేదో మీటరుతో కొలిచి చూద్దాం.