కాల్షియం లోటు: కంచంలో వెతకవలసినవి, మాత్రల్లో సరిచేసుకోవలసినవి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్లలో నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి, రాత్రిపూట పిక్కలు పట్టేయడం మొదలైతే వెంటనే మందుల దుకాణం నుంచి కాల్షియం మాత్రలు తెచ్చుకోవడం పరిపాటి అయింది. అయితే ఈ బాధలన్నీ కాల్షియం లోటు వల్లనే రావు. డి విటమిన్ లోపం, కీళ్ల అరుగుదల, అధిక శ్రమ కూడా ఇవే లక్షణాలతో బయటపడతాయి. అందువల్ల ముందుగా రోజూ ఏం తింటున్నామో లెక్క చూసుకోవడం మంచిది.

సమస్య: కడుపునిండా తింటున్నా లోటు తప్పడం లేదు

దీనికి ప్రధాన కారణం పాలిష్ బియ్యం. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, పాలిచ్చే తల్లులకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం అవసరం. నూరు గ్రాముల తెల్ల బియ్యంలో ఉండేది పది మిల్లీగ్రాముల లోపే. మూడు పూటలా అన్నం, పలుచని పప్పు, రెండు కప్పుల టీతో సరిపెట్టుకునేవారికి ఆ అవసరంలో పావువంతు దక్కడం కూడా కష్టమే.

పరిష్కారం మన సంతలోనే ఉంది. నూరు గ్రాముల చోళ్లలో, అంటే రాగుల్లో, సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. చిరుధాన్యాల సాగును ప్రోత్సహించే ఒడిశా మిల్లెట్ మిషన్ 2017లో మొదలైన తర్వాత కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో మాండియా (ఒడియాలో చోళ్ల పేరు) పంటకు మళ్లీ గిరాకీ వచ్చింది కానీ, పట్నం ఇళ్లలో మాత్రం ఇది ఇంకా జ్వరం వచ్చినప్పుడు తాగే జావగానే మిగిలిపోయిందని చెప్పక తప్పదు. రాత్రి చోడి పిండిని నీళ్లలో కలిపి పులియబెట్టి, మరునాడు నూకలు ఉడుకుతున్న గిన్నెలో పోసి, ఉండ కట్టకుండా కలిపి దించి, చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ చేర్చుకుంటే అది ఒక పూట భోజనమే అవుతుంది. పులియబెట్టడం వల్ల కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్లు కొంత తగ్గుతాయి. పిండిని మరీ సన్నగా జల్లించి తవుడు పారవేయకూడదు, ఎందుకంటే కాల్షియంలో గణనీయమైన భాగం గింజ పైపొరలో ఉంటుంది.

నువ్వుల విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. పొట్టు తీయని నువ్వులు ఒక పెద్ద చెంచాడు, అంటే పది గ్రాములు వాడితే 120 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం లభిస్తుంది. పొట్టు తీసి తెల్లగా మెరిసేలా చేసిన నువ్వుల్లో దానిలో అధిక భాగం పోతుంది. ఎండు మెత్తళ్లను (చిన్న ఎండు చేపలను) తల తీసి, ముల్లుతో సహా వండుకుంటేనే ప్రయోజనం. ఉప్పు పోయేలా రెండు మూడు నీళ్లలో కడగాలి, ఎందుకంటే ఎక్కువ ఉప్పు తిన్నకొద్దీ మూత్రంలో కాల్షియం పోతుంది.

సమస్య: ఆకుకూరలు తింటున్నా ఫలితం లేదు

పాలకూరలో కాల్షియాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్లు అధికంగా ఉండడంతో దానిలోని కాల్షియం చాలా తక్కువగా ఒంటబడుతుంది. దానికి బదులు నూరు గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్న మునగాకును వారంలో మూడు నాలుగు రోజులు పప్పులోనో వేపుడులోనో వాడుకోవాలి. పెరట్లో చెట్టు ఉన్నవారు కాయలు కోసుకుని ఆకు వదిలేయడం విచిత్రమే.

సమస్య: పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు

పాలలోని చక్కెర అరగకపోవడమే కారణం. అలాంటివారు పెరుగు, మజ్జిగ వాడవచ్చు, వాటిలో ఆ చక్కెర కొంత తగ్గుతుంది. నూరు గ్రాముల పెరుగులో కాల్షియం దాదాపు పాలతో సమానం. పలుచన చేసిన మజ్జిగలో అంత ఉండదు.

సమస్య: మాత్ర వేసుకుంటున్నా తేడా కనిపించడం లేదు

ఒకేసారి 500 మిల్లీగ్రాములకు మించి వేసుకుంటే శరీరం గ్రహించే వంతు తగ్గుతుంది. గర్భిణులకు ఆస్పత్రిలో ఇచ్చే ఐరన్ మాత్రను, కాల్షియం మాత్రను ఒకేసారి మింగితే ఐరన్ సరిగా ఒంటబట్టదు. రెంటికీ మధ్య కనీసం రెండు గంటల వ్యవధి ఉండాలి. థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటలు పాటించాలి. కాల్షియం కార్బొనేట్ మాత్రలు భోజనంతో పాటు వేసుకోవడమే సరైనది. ఇవన్నీ సరిగా ఉన్నా ఫలితం లేకపోతే డి విటమిన్ పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే అది లేనిదే పేగులు కాల్షియాన్ని సరిగా గ్రహించలేవు.

రక్తంలో కాల్షియం సరిపడా ఉందని నివేదిక వచ్చినంత మాత్రాన ఆహారంలో లోటు లేదని తేల్చకూడదు. రక్తంలో స్థాయి తగ్గకుండా శరీరం ఎముకల నుంచే కాల్షియం లాగుతుంది. చేతివేళ్లు, పెదవుల చుట్టూ తిమ్మిరి, చేతులు వంకర్లు పోవడం, చిన్నగా జారిపడినా ఎముక విరగడం కనిపిస్తే మాత్రం ఇంటి వైద్యం మానేసి వెంటనే వైద్యుడిని సంప్రదించాలి. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు కాల్షియం మాత్రలు మొదలుపెట్టేముందే అడగాలి.