తాడోబా సఫారీ పర్మిట్: కారవాన్‌లో వెళ్లేవారికి దరఖాస్తు విధానం

కారవాన్ (లోపలే పడక, వంట వసతి ఉన్న బండి) ఎంత పెద్దదైనా, మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని తాడోబా పులుల అడవి గేటు బయటే ఆగుతుంది. లోపలికి వెళ్లేది అటవీ శాఖ దగ్గర నమోదైన జిప్సీ (పైకప్పు లేని జీపు) మాత్రమే, దాంట్లో గైడ్ తప్పనిసరి. కాబట్టి మీరు పెట్టుకునే దరఖాస్తు కారవాన్‌కు కాదు, జిప్సీలో మీ కుటుంబం కూర్చోవడానికి. బల్లార్షా, రాజురా, గడ్చాందూర్, సిరొంచ వైపు నుంచి బయలుదేరే మన తెలుగువాళ్లలో చాలామంది ముందు బండి అద్దెకు మాట్లాడి, సెలవు పెట్టి, ఆఖరున పర్మిట్ కోసం వెతుకుతారు. అప్పటికి ఆ తేదీకి జిప్సీలు నిండిపోయి ఉంటాయి, బండికి ఇచ్చిన అడ్వాన్సు పోతుంది. వరుస తిప్పండి. ముందు పర్మిట్, తర్వాత రాత్రి బండి ఆపుకునే చోటు, ఆ రెండూ ఖాయమయ్యాకే బండి.

కోరా, బఫరా?

దరఖాస్తులో మొదట తేల్చుకోవలసింది ఇదే. తాడోబా 1955లో నేషనల్ పార్క్ అయింది, దాని విస్తీర్ణం 116.55 చదరపు కిలోమీటర్లు. 1986లో పక్కనే అంధారి అభయారణ్యం ఏర్పడింది. రెండింటినీ కలిపి 1995లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. ఈ రెండూ కలిసిన దాదాపు 625 చదరపు కిలోమీటర్ల అడవే కోర్. దాని చుట్టూ ఊళ్లు, పొలాలు, అడవులు కలగలిసి ఉన్న సుమారు 1,100 చదరపు కిలోమీటర్లు బఫర్.

కోర్ ప్రతి మంగళవారం మూసి ఉంటుంది. జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా వానాకాలపు మూత, అక్టోబర్ 1న మళ్లీ తెరుస్తారు. వానల్లో కొన్ని బఫర్ గేట్లు నడుస్తాయి గానీ, మట్టిదారులు బురదైతే ఏ రోజుకారోజు ఆపేస్తారు. పైగా వర్ధా నది పొంగితే రాజురా, బల్లార్షా మధ్య వంతెన మీద రాకపోకలు నిలిచిపోతాయి. బరువైన బండితో ఆ కాలంలో ప్రయాణం పెట్టుకోవద్దనే మేం చెబుతాం. సోమవారం సాయంత్రం చేరుకునేలా ప్లాన్ వేసుకుంటే మరుసటి రోజు కోర్ సఫారీ ఉండదు. శని, ఆదివారాల్లో రుసుము ఎక్కువ, పోటీ కూడా ఎక్కువ. వీలైతే బుధ, గురువారాలు చూసుకోండి.

పులి కనిపించే అవకాశం ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువ. ఆకు రాలి అడవి పలచబడుతుంది, వాగులు ఎండిపోతాయి, జంతువులన్నీ మిగిలిన నీటిగుంటల దగ్గరకు చేరతాయి. అయితే చంద్రపూర్ జిల్లాలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలే. ఎండలో నిలిపిన ఇనుప బండిలో మధ్యాహ్నం ఉండలేరు. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లడం మంచిది. అడవిదున్న, కణుజు, దుప్పి, రేచుకుక్కలు ఆ రోజుల్లోనూ బాగానే కనిపిస్తాయి. చలి మాత్రం గట్టిగా ఉంటుంది, పైకప్పు లేని జిప్సీలో తెల్లవారుజామున స్వెటర్ ఒక్కటే సరిపోదు.

గేటు పేరు దగ్గర జరిగే తప్పు

పర్మిట్ ఒక గేటుకు, ఒక తేదీకి, ఒక షిఫ్టుకు ఇస్తారు. ఆ గేటు కాకుండా ఇంకో గేటు దగ్గర అది చెల్లదు. కోర్‌కు మొహర్లీ, కొలారా, నవేగావ్, ఖుట్వండా, పాంగ్డీ, ఝరి అనే ఆరు గేట్లు ఉన్నాయి. మన వైపు నుంచి వచ్చేవారికి దగ్గరైనది మొహర్లీ, చంద్రపూర్ నుంచి పద్మాపూర్ మీదుగా దాదాపు 30 కిలోమీటర్లు. కొలారా అడవికి అవతలి పక్క, చిమూర్ వైపు ఉంది. చంద్రపూర్ నుంచి వరోరా, చిమూర్ మీదుగా చుట్టి వెళితే 100 కిలోమీటర్ల పైమాటే. మ్యాపులో మొహర్లీ నుంచి తాడోబా చెరువు పక్కగా కొలారాకు దారి కనిపిస్తుంది. అది సఫారీ దారి, అటుగా మీ బండిని పోనివ్వరు. మొహర్లీలో మకాం పెట్టి కొలారాకు పర్మిట్ తీసుకున్నవారు ఉదయం షిఫ్టు అందుకోవాలంటే రాత్రి రెండింటికి లేవాలి.

పేర్లు కలవడం వల్ల ఇంకో చిక్కు వస్తుంది. నవేగావ్ కోర్ గేటు వేరు, రామ్‌దేగీ నవేగావ్ బఫర్ గేటు వేరు. కొలారా పేరుతో కోర్ గేటూ ఉంది, బఫర్ గేటూ ఉంది. గోందియా వైపున్న నవేగావ్ నాగ్‌జిరా పూర్తిగా వేరే అభయారణ్యం. జాబితాలో పేరు నొక్కే ముందు దాని పక్కన కోర్ అని ఉందో, బఫర్ అని ఉందో చదవండి. మొహర్లీ చుట్టుపక్కల అగర్‌జరీ, దేవాడా, జునోనా లాంటి బఫర్ గేట్లు ఉన్నాయి. మొహర్లీలో బండి ఆపుకున్నవారు ఒక పూట కోర్‌కు, ఒక పూట దగ్గరి బఫర్ గేటుకు దరఖాస్తు చేసుకుంటే కారవాన్‌ను కదపకుండానే రెండూ చూడవచ్చు. ఇది మేం గట్టిగా చెప్పే సలహా.

దరఖాస్తు చేసే తీరు

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, మహారాష్ట్ర అటవీ శాఖ పోర్టల్‌లో చేయాలి. చిరునామా చివర మహాఫారెస్ట్ డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉందో లేదో చూసుకోండి. తాడోబా పేరు పెట్టుకున్న ప్రైవేటు ఏజెంట్ల సైట్లు వెతుకులాటలో పైన కనిపిస్తాయి, వాటిలో అసలు రుసుము మీద కమీషన్ కూడా కలుస్తుంది. మొబైల్ నంబరు, ఈమెయిల్‌తో ఖాతా తెరవాలి. బుకింగ్ తెరుచుకునే రోజుకు ముందే ఖాతా తెరిచి పెట్టుకోండి, ఓటీపీ ఆలస్యమైతే ఆ నాలుగు నిమిషాల్లోనే మొహర్లీ ఉదయం షిఫ్టు నిండిపోతుంది.

లోపలికి వెళ్లాక కోర్ లేదా బఫర్, గేటు, తేదీ, ఉదయం లేదా సాయంత్రం షిఫ్టు ఎంచుకోవాలి. తర్వాత ప్రయాణికుల వివరాలు. ఒక జిప్సీలో పర్యాటకులు ఆరుగురు దాకా కూర్చోవచ్చు, డ్రైవరు, గైడు అదనం. ఇద్దరే వెళ్లినా ఆరుగురు వెళ్లినా జిప్సీ అద్దె, గైడ్ రుసుము ఒక్కటే కాబట్టి రెండు చిన్న కుటుంబాలు కలిసి వెళితే ఖర్చు సగమవుతుంది. పిల్లల పేర్లు కూడా రాయండి. ఒడిలో కూర్చుంటాడు కదా అని వదిలేసిన పిల్లవాడి దగ్గరే గేటులో పేచీ వస్తుంది.

పేర్ల విషయంలో మన వాళ్లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మహారాష్ట్రలో తీసుకున్న ఆధార్‌లో ముందు పేరు, మధ్యలో తండ్రి లేదా భర్త పేరు, చివర ఇంటిపేరు ఉంటాయి. తెలంగాణలో తీసుకున్న ఆధార్‌లో ఇంటిపేరు ముందు వస్తుంది, కొందరికి అది ఒక్క అక్షరమే. బల్లార్షాలో కాపురముండే కూతురి కార్డు ఒక పద్ధతిలో, మంచిర్యాల నుంచి వచ్చిన తల్లి కార్డు ఇంకో పద్ధతిలో ఉంటుంది. స్పెల్లింగ్ కూడా మారుతుంది. మహారాష్ట్ర కార్డులో శ్రీనివాస్‌కు ఎస్ తర్వాత హెచ్ ఉంటుంది, తెలంగాణ కార్డులో ఉండదు. లక్ష్మికి ఒకచోట ఎక్స్, ఇంకోచోట కె, ఎస్, హెచ్. దరఖాస్తు నింపేటప్పుడు నోటికి వచ్చిన పేరు కొట్టవద్దు. అందరి కార్డులూ ముందు పెట్టుకుని, ఏ అక్షరాలు ఏ వరుసలో ఉన్నాయో అలాగే కొట్టండి. ఏ కార్డు నంబరు రాశారో అసలు కార్డు అదే గేటు దగ్గర చూపాలి. ఆధార్ నంబరు రాసి డ్రైవింగ్ లైసెన్సు చూపితే ఒప్పుకోరు. ఒకసారి పర్మిట్ వచ్చాక పేరు మార్చడం, ఒకరి బదులు ఇంకొకరు వెళ్లడం కుదరదు. బావగారు రాలేకపోతే ఆయన చోటు ఖాళీగానే పోతుంది. అందుకే ఎవరు వస్తారో తేలాకే దరఖాస్తు పెట్టండి.

డబ్బు కట్టాక రసీదులో ఏమేమి చెల్లించినట్టుందో చదవండి. ప్రవేశ రుసుము, జిప్సీ అద్దె, గైడ్ రుసుము మూడూ వేర్వేరు పద్దులు. వాటిలో రసీదులో కనిపించనిది గేటు దగ్గర కట్టాలి, దానికి నగదు ఉంచుకోండి. పెద్ద లెన్సుల కెమెరాకు విడిగా రుసుము ఉంటుంది. ఖాతాలో డబ్బు కట్ అయి పర్మిట్ రాకపోతే కంగారుపడి వెంటనే రెండోసారి కట్టకండి. ముందు మీ ఖాతాలోని బుకింగ్ చరిత్ర చూడండి, లావాదేవీ నంబరు రాసుకోండి, అక్కడ నమోదు కాలేదని తేలాకే మళ్లీ ప్రయత్నించండి. రెండుసార్లు కట్టి రెండు పర్మిట్లూ వచ్చేస్తే రెండోదానికి రద్దు నిబంధనలే వర్తిస్తాయి, డబ్బంతా తిరిగి రాదు.

బండి కాగితాలు

అద్దె కారవాన్ అయితే పసుపు నంబరు ప్లేటు ఉండాలి. తెల్ల ప్లేటు బండిని అద్దెకు తీసుకుంటే, దారిలో పట్టుబడినా ప్రమాదం జరిగినా బీమా దగ్గర మీరే ఇరుక్కుంటారు. తెలంగాణ నంబరు బండి మాట్లాడుకుంటే ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉందో లేదో అడగండి. అది ఉంటే సరిహద్దులో విడిగా పన్ను కట్టనక్కర్లేదు. సొంత వ్యాన్‌లో మంచాలు, సింకు బిగించి కారవాన్‌గా మార్పించుకున్నవారు ఆ మార్పును ఆర్‌సీలో ఎక్కించుకోవాలి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పేది అదే. ఆర్‌సీలో స్థూల బరువు చూడండి. 7,500 కిలోల లోపైతే ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సుతో నడపవచ్చు. రవాణా వాహనమైనా అంతేనని 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు తేల్చింది.

రాత్రి ఎక్కడ ఆపాలి

అడవి రోడ్డు పక్కన ఆపి పడుకోవడం కుదరదు, అది ప్రాణాల మీదికి తెచ్చుకోవడం కూడా. బఫర్ ఊళ్లలో పులి, చిరుత తిరుగుతాయి. పొలానికి, తునికాకుకు వెళ్లినవారు పులి వాత పడిన జిల్లా ఇది. బండి తలుపు తీసుకుని చీకట్లో కాలు కింద పెట్టే చోటు ఏదైనా ప్రహరీ లోపలే ఉండాలి. మొహర్లీలో రాష్ట్ర పర్యాటక సంస్థ రిసార్టు ఉంది, ప్రైవేటు రిసార్టులు కూడా ఉన్నాయి. గది కాకుండా ఆవరణలో బండి నిలుపుకోవడానికి ఒప్పుకుంటారా అని ముందే ఫోన్ చేసి, రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి. అడగాల్సినవి నాలుగు: గేటు ఎత్తు ఎంత, 16 ఆంపియర్ల ప్లగ్గు ఇస్తారా, నీళ్లు పట్టుకోవచ్చా, మరుగుదొడ్డి టాంకు ఖాళీ చేసుకునే చోటు ఉందా. మామూలు 5 ఆంపియర్ల ప్లగ్గుకు ఏసీ తగిలిస్తే తీగ వేడెక్కి కాలుతుంది. జనరేటరు మీద రాత్రంతా నడుపుదామనుకోవద్దు, ఆ చప్పుడును అడవి అంచున ఎవరూ ఒప్పుకోరు.

నీళ్ల లెక్క ముందే వేసుకోండి. వేసవిలో తాగడానికి మనిషికి రోజుకు 4 లీటర్లు, నలుగురికి రెండు రోజులకు 32 లీటర్లు. వంటకు, కడుగుళ్లకు, టాంకుకు కలిపి ఇంకో 100 లీటర్లు. చంద్రపూర్‌లోనే నింపుకుని వెళ్లండి. గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్‌ను బండి కదిలేటప్పుడు ఆపేయండి, లోపల వండేటప్పుడు కిటికీ తెరిచి ఉంచండి. చలిమంట మాత్రం వద్దు. అభయారణ్యానికి ముప్పు కలిగేలా నిప్పు రాజేయడం 1972 వన్యప్రాణి చట్టం 30వ సెక్షన్ ప్రకారం నేరం. రిజర్వ్ అడవిలో 1927 అటవీ చట్టం అడ్డొస్తుంది. ఎండిన టేకు ఆకులు, వెదురు నిండిన అడవిలో ఒక్క నిప్పురవ్వ చాలు.

కుక్కను తీసుకురాకండి. సఫారీకి అనుమతించరు. బండిలో మూసి వెళితే వేడికి చస్తుంది, బయట కడితే చిరుతకు ఎర అవుతుంది. పైగా డిస్టెంపర్ లాంటి జబ్బులు కుక్కల నుంచి అడవి జంతువులకు పాకుతాయి.

గేటు దగ్గర

షిఫ్టు వేళలు కాలాన్ని బట్టి మారతాయి, వేసవిలో ఉదయం షిఫ్టు బాగా ముందుగా మొదలవుతుంది. పర్మిట్ మీద రాసిన సమయానికి అరగంట ముందే గేటు దగ్గర ఉండండి. పర్మిట్‌ను కాగితం మీద ప్రింటు తీసుకోండి. కోర్‌లో ఫోన్ వాడకం నిషేధం, ఫోన్‌లోని స్క్రీన్‌షాట్‌నే నమ్ముకుంటే ఇబ్బంది పడతారు. జిప్సీలు వరుస ప్రకారం వస్తాయి, ఫలానా డ్రైవరే కావాలని పట్టుబట్టవద్దు. స్టీలు సీసాల్లో నీళ్లు పోసుకోండి. కొట్టొచ్చే రంగుల బట్టలు, సెంటు మానేయండి. లోపల బండి దిగకూడదు. నాలుగు గంటల ప్రయాణం కాబట్టి పిల్లల్ని, పెద్దల్ని గేటు దగ్గరే మరుగుదొడ్డికి పంపండి. తాడోబా చెరువు గట్టున గోండుల దైవం తారు గుడి ఉంది, అడవికి పేరు ఆ దైవం నుంచే వచ్చింది. దాని పక్కగా వెళ్లేటప్పుడు కేకలు వేయకండి. చెరువులో మొసళ్లు ఉంటాయి.

రద్దు చేసుకోవాలంటే

మీ ఖాతాలోంచే రద్దు చేయాలి. తేదీకి ఎంత ముందు రద్దు చేస్తే అంత ఎక్కువ తిరిగి వస్తుంది. ఆ పట్టిక డబ్బు కట్టే పేజీలోని నిబంధనల్లో ఉంటుంది, కట్టే ముందే చదువుకోండి. తేదీ మార్చడం ఉండదు, రద్దు చేసి కొత్తగా తీసుకోవాలి. గేటు దగ్గర, వాట్సాప్ గుంపుల్లో మిగిలిన పర్మిట్ అమ్ముతామనేవాళ్లు తగులుతారు. దాని మీద ఉన్నది వాళ్ల పేరు, గేటులో అడిగేది మీ కార్డు.