వరి బతికే నీళ్లలో మిరప ఎందుకు చచ్చిపోతుంది? ఇంట్లోనే చేసి చూడటం ఎలా?

గుంటూరు చుట్టుపక్కల వాన రెండు మూడు రోజులు వదలకపోతే మిరప రైతుకి టెన్షన్ మొదలవుతుంది, చేలో నీళ్లు నిలిచి తోట ఉరకెత్తిందంటే కోలుకోవడం కష్టం. తెనాలి వైపు వరేమో నెలల తరబడి ఆ నీళ్లలోనే పెరుగుతుంది. నీళ్లు నిలిస్తే మట్టిలో గాలి ఉండదు, పైగా ఆక్సిజన్ గాలిలో కంటే నీళ్లలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది, అందుకే వేరుకి ఊపిరాడదు. ఇది పిల్లలతో కలిసి చేసి చూడాల్సిన విషయం.

అడుగున చిల్లు లేని రెండు పాత బకెట్లలో ఒకే మట్టి నింపి, ఒకదాంట్లో వరి నారు, ఇంకోదాంట్లో మిరప నారు నాటండి. పోల్చుకోవడానికి మరో మిరప మొక్కని మామూలు కుండీలో ఉంచండి. వారం పాటు మితంగా నీళ్లు పోసి వేళ్లు పట్టనివ్వాలి, నాటిన రోజే ముంచేస్తే మొక్క ఎందుకు వాడిందో తేలదు. తర్వాత బకెట్లలో మట్టి మీద రెండు వేళ్ల ఎత్తున నీళ్లు నిలపండి. దోమలు గుడ్లు పెట్టకుండా పాత దోమతెర కప్పడం మాత్రం మర్చిపోవద్దు.

కొద్ది రోజుల్లో మిరప ఆకులు వేలాడిపోతాయి, ఎందుకంటే గాలి అందని వేరు చుట్టూ ఎన్ని నీళ్లున్నా పీల్చుకోలేదు.

వరిని ఇంకో మూడు నాలుగు వారాలు ఉంచి, మట్టితో సహా తీసి నీళ్లలో మెల్లగా జాడించండి. లేత వేళ్లు తెల్లగా, పాత వేళ్లు ఎర్రటి పూతతో కనిపిస్తాయి. ఆ పూత నిజంగా తుప్పే! ఆకుల నుంచి దిగిన ఆక్సిజన్ వేరులోంచి బయటికి ఊరి, బురదలో కరిగున్న ఇనుముని అక్కడికక్కడే తుప్పు పట్టిస్తుంది. నాకైతే మొత్తం ప్రయోగంలో ఇదే అద్భుతం.

గాలి దిగే దారి కూడా చూడాలంటే పూల మార్కెట్లో పొడుగు కాడ ఉన్న తామర పువ్వు కొనండి. జానెడు కాడ అడ్డంగా కోస్తే లోపల బెజ్జాలు కనిపిస్తాయి, ఒక కొన గ్లాసు నీళ్లలో ముంచి రెండో కొన నుంచి ఊదితే బుడగలొస్తాయి. వరి వేరులోనూ ఇలాంటి ఖాళీలే, కాకపోతే చాలా సన్నవి, అక్కడి కణాలు కొన్ని చచ్చిపోయి దారి ఇస్తాయి.

వరి అయినా ఆకులతో సహా మునిగితే తట్టుకోలేదు, నీటిపైకి రావాలని సాగిసాగి శక్తంతా ఖర్చు చేసుకుంటుంది. 2009లో విడుదలైన స్వర్ణ సబ్-1 రకం ఎదుగుదల ఆపుకుని దాదాపు రెండు వారాలు ఓపిక పడుతుంది.

ఇక గుర్రపుడెక్క దొరికితే ఉబ్బిన కాడని కోసి చూడండి, లోపలంతా స్పాంజిలా ఉంటుంది. దానికోసం కాలువలోకి మాత్రం దిగొద్దు, ఒడ్డున పడున్నది చాలు. పని అయ్యాక బాగా ఎండబెట్టి ఎరువు గుంతలో వేయండి, మళ్లీ నీళ్లలో పారేస్తే ఒక్క ముక్క నుంచే కాలువంతా అల్లుకుంటుంది.